కుట్లు లెక్కపెట్టే మనిషి

మా ఇల్లు, వెనక బైండింగు గది
జూన్ 9

ఒరే ప్రశ్నలబుట్టా,

నీ తల నెరిసినా, పాస్టర్లకు పాఠాలు చెప్పే పెద్దసారువైనా నాకు నువ్వు ప్రశ్నలబుట్టవే. చిన్నప్పుడు అది ఎందుకు, ఇది ఎందుకు అని నా బుర్ర తినేశావు. ఈసారి వంతు నాది. ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాను, తిన్నగా జవాబు రాయి.

ముందు సంగతి విను. మీ బావ మతిమరుపు నీకు తెలిసిందే. తాళంచెవుల దగ్గర మొదలైంది. ఇప్పుడు టీ తాగి గ్లాసు కింద పెట్టకముందే టీ ఇవ్వలేదేమని అడుగుతున్నాడు. పనిలో మాత్రం చెయ్యి తప్పడు. ఎవరైనా చిరిగిన పాటల పుస్తకం తెస్తే విప్పి, కాగితాలు మడిచి, కుట్టి, జిగురు రాసి, అట్ట వేసి కొత్తదాన్ని చేసి పెడతాడు. అది ఎవరి పుస్తకమో నేను చీటీ రాసి ఉంచాలి, అంతే.

పోయిన నెల మొదటి ఆదివారం నా మోకాలు వాచి చర్చికి పోలేకపోయాను. పక్కింటి టీచరమ్మ మీ బావను వెంటబెట్టుకుని వెళ్లింది. ప్రభువు బల్ల దగ్గర ఆయన శరీరమని రొట్టె ముక్క చేతిలో పెడితే సగం తిని, సగం చొక్కా జేబులో వేసుకున్నాడట. సంఘపెద్ద ఒకాయన అందరి ముందూ ఆ ముక్క జేబులోంచి తీయబోతే మీ బావ చెయ్యి పట్టుకుని వదల్లేదట. గుంజులాట అయిందట. ఇదంతా నిన్న చిన్న పాస్టరు ఇంటికొచ్చి, టీ గ్లాసులోకి చూస్తూ చెప్పాడు. "అమ్మగారూ, ఏం తీసుకుంటున్నారో తెలియనివాళ్లకు ఇవ్వకూడదని పెద్దలు అనుకుంటున్నారు. సెప్టెంబరు మొదటి శనివారం నేనే వచ్చి నాలుగు మాటలు అడుగుతాను. చెప్పగలిగితే మళ్లీ బల్లకు తీసుకురండి" అన్నాడు.

ఎవరు నేర్పారయ్యా నీకిది అన్నాను. తల ఇంకాస్త దించుకున్నాడు. "మీ తమ్ముడుగారేనండీ. వారి క్లాసు నోట్సు ఇప్పటికీ నా సంచిలోనే ఉంటుంది" అన్నాడు. తీసి చూపించాడు కూడా. నిత్యజీవం అంటే చచ్చాక మొదలయ్యే పొడుగాటి కాలం కాదు, తండ్రినీ ఆయన పంపిన కుమారుణ్ణీ స్వయంగా ఎరగడమే నిత్యజీవం, అది ఇక్కడే ఇప్పుడే మొదలవుతుంది అని ఉంది. చదువుతుంటే నా తమ్ముడని గర్వంగానే అనిపించింది. దాని కింద గీత గీసి, ఎరగనివాడు బల్లకు రాకూడదు అని ఉంది.

ఇదీ నా ప్రశ్న. ఎరగడమే నిత్యజీవమైతే, ఎరిగి మరిచిపోయినవాడి గతేమిటి? మీ బావకు అది పోయినట్టా?

మోకాలు ఇప్పుడు నయం. వేళకు తింటున్నావా?

అక్క


పాస్టర్ల బడి, మేడమీద నా గది
జూన్ 20

ప్రియమైన అక్కకు,

ఉత్తరం చదివి చాలా బాధపడ్డాను. చిన్న పాస్టరు మీద కోపం పెట్టుకోకు. నా తరగతిలో చెవులప్పగించి వినేవాడు. నేర్చుకున్నదాన్ని నిజాయితీగా పాటించాలని చూస్తున్నాడు.

నువ్వు కంగారుపడాల్సిన పని లేదు. జ్ఞాపకం సాధన వల్ల నిలుస్తుంది. దీనితోపాటు పన్నెండు ప్రశ్నలూ వాటి జవాబులూ పెద్ద అక్షరాలతో రాసి పంపుతున్నాను. రోజూ పొద్దున టీ కాగానే బావను కూర్చోబెట్టి వరుసగా అడుగు. రానివి నువ్వే చెప్పి మళ్లీ చెప్పించు. సెప్టెంబరుకు ఇంకా రెండు నెలలకు పైనే ఉంది. కనీసం ఎనిమిది వస్తే చిన్న పాస్టరు తృప్తిపడతాడు.

నువ్వడిగింది లోతైన ప్రశ్న. హడావుడిగా రెండు ముక్కల్లో చెప్పేది కాదు. వీలు చూసుకుని వివరంగా రాస్తాను. ప్రస్తుతం పరీక్ష పేపర్లు దిద్దే పని నెత్తిన పడింది.

బావకు నా నమస్కారాలు.

తమ్ముడు


బైండింగు గది
జూలై 11

ఒరే,

పంపమన్నది ఒక జవాబు. నువ్వు పంపింది ఇంకో పన్నెండు ప్రశ్నలు. నీకా పేరు ఊరికే పెట్టలేదు.

సరే, చెప్పినట్టే చేస్తున్నాను. మొదటి రోజు "మిమ్మల్ని చేసింది ఎవరు?" అని అడిగాను. మీ బావ చేతిలో ఉన్న పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీని మీద ప్రెస్సు పేరు వేయలేదండీ" అన్నాడు. నేను నవ్వాను. నేను నవ్వానని ఆయనా నవ్వాడు. ఆ రోజు బాగానే గడిచింది.

మంగళవారం నాలుగు చెప్పాడు. పక్కింటి టీచరమ్మను పిలిచి మరీ చెప్పించాను. బుధవారం ఒక్కటీ లేదు. "మన కోసం చనిపోయింది ఎవరు?" అని ఏడో ప్రశ్న అడిగితే, "ఎవరు పోయారు? ఎప్పుడు?" అని గాభరాపడి, చొక్కా మార్చుకుని పరామర్శకు బయల్దేరాడు. వీధి చివరిదాకా వెళ్లి వెనక్కి తీసుకురావాల్సి వచ్చింది.

ఈ మధ్య నేను కాగితం తీస్తే చాలు, లేచి నిలబడుతున్నాడు. కూర్చోండి అంటే కూర్చోడు. ఎవరో పై అధికారి వచ్చినట్టు చేతులు కట్టుకుని నిలబడతాడు.

ఇంకా కొన్ని సంగతులున్నాయి గానీ రాయబుద్ధి కావడం లేదు. నా ప్రశ్నకు జవాబు ఏదిరా?

అక్క


పాస్టర్ల బడి
జూలై 24

అక్కా,

పన్నెండు ఎక్కువైనట్టున్నాయి. మూడు చాలు. ఒకటి, రెండు, ఏడు. ఏడో దాన్ని కాస్త మార్చి అడుగు.

చిన్న పాస్టరుకు నేనే ఉత్తరం రాశాను, బావ విషయంలో కొంచెం చూసీచూడనట్టు పొమ్మని. వాడి జవాబు నిన్న వచ్చింది. "సార్, బంధువుల కోసం వాక్యాన్ని వంచకూడదని మీరే కదా చెప్పారు. ఆ రోజు క్లాసులో అందరం చప్పట్లు కొట్టాం" అని రాశాడు. ఆ ఉత్తరం బల్ల సొరుగులో పెట్టాను.

నీ ప్రశ్న సంగతి. ఎరగడం అన్న మాటకు పండితులు మూడు రకాల అర్థాలు చెప్పారు. వాటిలో మొదటిది అనుసరిస్తే నీ భయం కొంతవరకు సమంజసమే. మూడోది అనుసరిస్తే అంత భయం అక్కర్లేదు. రెండోదాని మీద ఇంకా వాదం నడుస్తోంది. వాటన్నిటినీ నోట్సుగా రాసి పంపుతాను.

తమ్ముడు


బైండింగు గది
ఆగస్టు 8

తమ్ముడూ,

నీ పండితులను నువ్వే ఉంచుకో.

నిన్న పొద్దున నేను మీ బావను కొట్టాను. అవును, నేనే. ఒకటో ప్రశ్న ఆరుసార్లు అడిగాను. ఆరుసార్లూ ఏదో ఒకటి చెప్పి నా మొహంలోకి చూస్తున్నాడు, ఇదేనా, ఇది కాదా అని. ఆరోసారికి నీ కాగితం చుట్టి చేతి మీద ఒక్కటి వేశాను. దెబ్బ తగిలేంత కాదు. కాగితమే కదా. కానీ ఆయన చెయ్యి వెనక్కి దాచుకుని, "రేపు చదువుకొస్తానండీ" అన్నాడు.

ఆ తర్వాత వంటింట్లోకి పోయి ఏడ్చాను. ఎంతసేపో తెలియదు. ఆయన గుమ్మం దగ్గరికొచ్చి ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

ఇన్నాళ్లూ నీకు దాచిన మాట కూడా ఇప్పుడే రాస్తున్నాను. మార్చి నుంచి మీ బావకు నేనెవరో తెలియదు. పెళ్లయిన కొత్తలో పేరు పెట్టి పిలిచేవాడు. తర్వాత అందరు మొగుళ్ల లాగే "ఇదిగో" అన్నాడు. ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఇప్పుడు మొదటిసారి నన్ను "మీరు" అంటున్నాడు. "మీరు భోంచేశారా?" అంటాడు. ఇంతకు ముందు ఎన్నడూ అంత మర్యాదగా అడగలేదు. ఆ మర్యాద భరించలేకపోతున్నానురా.

అందుకే అడిగాను నిన్ను. పక్కన పడుకున్న నన్నే ఎరగనివాడు కంటికి కనపడని దేవుణ్ణి ఎరుగుతాడా? నేను పోయినా ఫరవాలేదు. నన్ను మరిచిపోతే ఇల్లు నడుస్తుంది, తిండి దొరుకుతుంది. దేవుడు కూడా పోతే మీ బావకు ఇంకేం మిగిలింది?

నిన్ను రమ్మని నేను అడగలేదు. నువ్వూ వస్తాననలేదు. నీ బదులు ప్రశ్నాపత్రం పంపావు. అది చింపి పొయ్యిలో పెట్టాను.

అక్క


నా గది
ఆగస్టు 16

అక్కా,

నీ ఉత్తరం వచ్చి ఐదు రోజులైంది. నాలుగుసార్లు జవాబు మొదలుపెట్టి చింపేశాను. ఇది ఐదోది.

నాకు తెలియదక్కా. అదే నా జవాబు. జూన్‌లోనే ఈ మాట రాసి ఉంటే నువ్వు బావ మీద చెయ్యెత్తేదానివి కావు. ఆ దెబ్బ నాది.

ఆ పాఠం ఇరవై రెండేళ్లుగా చెప్తున్నాను. దేవుణ్ణి గురించి తెలుసుకోవడం వేరు, దేవుణ్ణి ఎరగడం వేరు అని నల్లబల్ల మీద రెండు గడులు గీసి చూపిస్తాను. పిల్లలు కళ్లు తుడుచుకుంటారు. నేను సుద్ద చేతులు దులుపుకుని మేడెక్కి, మరుసటి రోజు పాఠం తయారుచేసుకుంటాను.

నేను రెండేళ్లుగా మీ ఇంటికి ఎందుకు రావడం లేదో ఎప్పుడైనా అనుకున్నావా? పని అని చెప్తూ వచ్చాను. పని కాదు. చివరిసారి వచ్చినప్పుడు సాయంత్రం నేను బావకు నా కొత్త ప్రసంగం వినిపించాను. అంతా విన్నాడు. జిగురు కలుపుతూ, "దేవుడి గురించి ఎంత బాగా చెప్తావయ్యా బావమరిదీ. మరి ఆయనతో ఎప్పుడు మాట్లాడతావు?" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, ఊరికే వేళ అడిగాడు, పొద్దునా సాయంత్రమా అన్నట్టు. నేను నవ్వేసి మాట మార్చాను. మరునాడు మొదటి బస్సుకు వచ్చేశాను. సభలో నిలబడి చేసే ప్రార్థన కాక, ఒంటరిగా నోరు తెరిచి నేను దేవుడితో మాట్లాడి ఎన్నేళ్లయిందో లెక్క కట్టడానికి కూడా భయమేసింది.

అక్కా, బావ మరిచిపోయాడని నువ్వు ఏడుస్తున్నావు. నేను ఎన్నడైనా ఎరిగానా అని నాకు అనుమానం.

నీకు చెప్పడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. అడగడానికి మాత్రం ఒకటుంది, ఇదే ఆఖరుది. ప్రశ్నలు అడగనప్పుడు బావ రోజంతా ఏం చేస్తున్నాడు? అది రాయి.

నీ తమ్ముడు


బైండింగు గది, కిటికీ పక్క
ఆగస్టు 27

నాయనా,

నువ్వు నాకు రాసిన ఉత్తరాల్లో మొదటిసారి నువ్వు కనపడ్డావు. కోపం లేదు. కడుపునిండా తిను.

ఇక నువ్వడిగింది. రోజంతా ఏం చేస్తాడు? కుడతాడు. అంతకంటే రాయడానికి ఏముందా అనుకుని, కాగితం పక్కన పెట్టి, చూసి రాద్దామని నిన్న గదిలో పీట వేసుకుని కూర్చున్నాను.

కుట్టేటప్పుడు మీ బావ పెదాలు కదులుతాయి, నీకు గుర్తుండే ఉంటుంది. కాపురానికి వచ్చిన వారంలోనే చూశాను. కుట్లు లెక్కపెట్టుకుంటున్నాడు కాబోలు అనుకున్నాను. అనుకున్నాను, అంతే, అడగలేదు. అప్పటినుంచి ఈ ఇంట్లో నేనే ఒక కట్టడి పెట్టాను. ఆయన కుట్టేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు, లెక్క తప్పుతుంది. పిల్లాజెల్లా లేని ఇల్లు, ఆ ఎవరూ అంటే నేనే. ముప్పై నాలుగేళ్లు టీ గ్లాసు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి, దారం ముడి వేసేదాకా ఆగి, అప్పుడు లోపలికి అడుగు పెట్టాను. నువ్వు వచ్చినప్పుడు నిన్ను కూడా కసిరాను.

అది లెక్క కాదురా.

సూది లోపలికి పోయేటప్పుడు ఒక మాట, బయటికి వచ్చేటప్పుడు ఒక మాట. "ఈ కాగితం చిరిగింది చూశావా." "అతికించాలే." "పక్కింట్లో ఎవరో దగ్గుతున్నారు, నీకూ వినపడిందా." "టీచరమ్మే అయ్యుంటుంది. తగ్గించు." మధ్యలో ఆగుతాడు. ఎవరో చెప్పేది వింటున్నట్టు తల కాస్త వంచుతాడు. ఒకసారి నవ్వాడు కూడా. మళ్లీ సూది.

ఎవరితో మాట్లాడుతున్నారు అని అడిగాను. నా కట్టడి నేనే తప్పాను. "ఈయనతోనండీ" అన్నాడు, పక్కన కూర్చున్న మనిషిని చూపించినట్టు. ఆయన పేరేమిటి అన్నాను. పాడు అలవాటు, నీ కాగితం అంటించింది. చాలాసేపు వెతుక్కున్నాడు. నేను మళ్లీ కొడతానేమో అనుకున్నాడో ఏమో, చెయ్యి ఒళ్లోకి లాక్కున్నాడు. "నోటికి రావడం లేదండీ. పేరుతో పని పడలేదు. రోజూ ఇక్కడే ఉంటాడు" అన్నాడు.

నేను పీట ఆయన వెనక్కి జరుపుకున్నాను. కాసేపటికి నేను వెళ్లిపోయాననుకున్నట్టున్నాడు. మళ్లీ కుట్టు మొదలుపెట్టాడు. వాళ్లిద్దరి మాటలు వింటూ కూర్చున్నాను. విన్నది విన్నట్టే రాస్తున్నాను.

"ఇందాక ఇక్కడ ఒకామె కూర్చుంది." సూది లోపలికి. "మంచి మనిషి. రోజూ నాకు తిండి పెడుతుంది." సూది బయటికి. "మొన్న వంటింట్లో ఏడ్చింది. ఎందుకో చెప్పలేదు." దారం లాగాడు. "ఆమె పేరు నాకు రావడం లేదు. నీకు తెలుసుగా. చూసుకో."

నేను నోట్లో కొంగు కుక్కుకుని కూర్చున్నాను. ఈ పెదాల మీద ఇన్నేళ్లలో నా పేరు ఎన్నిసార్లు నడిచిందో తమ్ముడూ. చల్లారిపోయే టీతో గుమ్మంలో నిలబడి, లెక్క తప్పుతుందని ఊరుకున్నాను.

అక్క


నా గది
సెప్టెంబరు 1

అక్కా,

నీ ప్రశ్నకు ఇదిగో జవాబు. పోలేదు.

ఎరగడం అంటే మన చేతిలో పట్టుకునే వస్తువని, పట్టు జారితే పోతుందని నేను అనుకున్నాను, అలాగే బోధించాను. అది ఇద్దరి మధ్య ఉండేదక్కా. ఒకరి వైపు మసకబారినా రెండో వైపు చెక్కుచెదరదు. బావ నిన్ను మరిచాడు. అంతమాత్రాన నువ్వు ఆయన భార్యవి కాకుండా పోయావా? పొద్దున లేచి టీ పెట్టడం మానేశావా? నువ్వే అంత పట్టుకున్నప్పుడు, దేవుడు వదిలేస్తాడా? బావ నిత్యజీవం బావ బుర్రలో లేదు. రోజూ ఆ గదిలోకి వచ్చి కూర్చునేవాడి దగ్గర ఉంది. బావ ఇంకా ఆయన్ని పలకరిస్తూనే ఉన్నాడు. పేరు మరిచినవాడు మనిషిని మరవలేదు.

చిన్న పాస్టరుకు రాశాను. గీత పైన ఉన్నది ప్రభువు చెప్పిన మాట, గీత కింద ఉన్నది నేను చేర్చింది, దాన్ని కొట్టేయమన్నాను. ఈ పొద్దున తరగతిలో కూడా చెప్పి, నా నోట్సులో అందరి ముందూ కొట్టేశాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

శనివారం నేను రాను. నేనొచ్చి పక్కన కూర్చుంటే వాడు నా మొహం చూసి ఒప్పుకుంటాడు. వాడు బావను చూసి తేల్చుకోవాలి. ఆ తర్వాతి వారం వస్తాను, పది రోజులు ఉంటాను.

నీ ఉత్తరం మడిచాక తలుపు వేసుకుని కూర్చున్నాను. "నువ్వు" అన్నాను. ఆ పైన మాట దొరకలేదు. బావ లాగా కంటికి కనపడింది చెప్పాను. కుర్చీ కాలు ఊగుతోందని చెప్పాను. తర్వాత నీ పేరు చెప్పాను. మొహం మీద నీళ్లు కారుతుంటే అవి నావేనని కాసేపటిదాకా తెలియలేదు.

తమ్ముడు


మా ఇల్లు
సెప్టెంబరు 8

ఒరే తమ్ముడూ,

శనివారం చిన్న పాస్టరు నీ నోట్సు చేత్తో పట్టుకునే వచ్చాడు. అయ్యా, ఏమీ అడగకు, అరగంట ఊరికే కూర్చో అన్నాను. చెప్పులు విప్పి కాగితాల కట్ట మీద కూర్చున్నాడు. మీ బావ ఒక చూపు చూసి పనిలో పడ్డాడు. కాసేపటికి మొదలైంది. "ఎవరో అబ్బాయి వచ్చాడు." "చేతిలో ఏదో కాగితం పట్టుకున్నాడు, తప్పు చెప్తానేమోనని భయపడుతున్నట్టున్నాడు." "కొట్టొద్దని వాళ్ల సారుకు చెప్పు."

చిన్న పాస్టరు చేతిలోని నోట్సు మూసేశాడు. ఒక్క ప్రశ్నా అడగలేదు. వెళ్లేటప్పుడు, "రేపు తీసుకురండి అమ్మగారూ, నేనే ఇస్తాను" అన్నాడు.

నిన్న నేనూ వెళ్లాను. మీ బావ పక్కనే కూర్చున్నాను. రొట్టె చేతిలో పెట్టగానే సగం తిని, సగం మళ్లీ జేబులో వేసుకున్నాడు. ఆ రోజు జేబులోంచి తీయబోయిన సంఘపెద్ద లేచాడు. చిన్న పాస్టరు ఆయన భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు.

ఇంటికొచ్చి చొక్కా విప్పబోతుంటే మీ బావకు గుర్తొచ్చింది. జేబులోంచి ఆ ముక్క తీశాడు. దారపు పోగులు అంటుకుని ఉన్నాయి. ఒక్కొక్క పోగూ గోటితో తీసి, నా అరచేతిలో పెట్టాడు.

"ఈ ఇంట్లో ఒకామె ఉంటుందండీ" అన్నాడు. "మోకాలు నొప్పి, చర్చికి రాలేదు. మీకు కనపడితే ఇది ఆమెకివ్వండి."

ఇస్తానన్నాను. ఆయన అటు తిరగగానే తిన్నాను.

వచ్చేటప్పుడు తెల్లదారం ఉండలు రెండు తీసుకురా. ఇక్కడ అయిపోవచ్చింది.

అక్క